బొల్లి మచ్చలతో నలుగురిలో తిరగడం ఎలా

బొల్లి మచ్చ నొప్పి పెట్టదు, చాలామందికి దురద కూడా ఉండదు. అందుకే "ప్రాణానికేం ప్రమాదం లేదు కదా, ఎందుకంత బాధ" అని తేలిగ్గా అనేస్తారు. అలా అనేవాళ్లు చూడనివి చాలా ఉంటాయి. బస్సులో మన పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ఉండే మనిషి, చిల్లర మన చేతిలో పెట్టకుండా కౌంటర్ మీద పెట్టే షాపాయన, పెళ్లిలో అందరి ముందూ చెయ్యి తిప్పి చూసి "ఇదేంటే, ఎప్పట్నుంచి?" అని అడిగే దూరపు పెద్దమ్మ. ఈ జబ్బులో మనిషిని కుంగదీసేది ఎక్కువగా ఇదే.

నాకు డిగ్రీ చదివే రోజుల నుంచి చేతుల మీదా, నోటి పక్కనా మచ్చలున్నాయి. మందుల సంగతి డాక్టర్లు చెప్తారు. ఈ మిగతా సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అందుకే రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు ఒక్కమాట: మచ్చలు తగ్గాక ఉద్యోగానికి వెళ్దాం, తగ్గాక ఊరెళ్దాం, తగ్గాక ఫొటో దిగుదాం అని ఏదీ వాయిదా వెయ్యకండి. వైద్యానికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్లు పడుతుంది, కొన్నిచోట్ల మచ్చ అసలు పోకపోవచ్చు కూడా. ఈలోపు ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలో ముందే తేల్చుకుని పెట్టుకుంటే బయటికి వెళ్లేటప్పుడు ఉండే టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

ముందు మీకు మీరు తెలుసుకోవాల్సినవి

ఎదుటివాళ్లకి చెప్పాలంటే ముందు మనకి గట్టిగా తెలిసుండాలి. మన చర్మానికి రంగునిచ్చే కణాలు ఉంటాయి, మెలనోసైట్లు అంటారు. మన ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున వాటి మీద దాడి చేసి చంపేస్తే ఆ చోట రంగు పోయి తెల్లబడుతుంది. బొల్లి అంటే అంతే. ఇందులో క్రిమి లేదు, కాబట్టి అంటుకోవడం అనే ప్రశ్నే లేదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే టవల్ వాడినా, కలిసి కాపురం చేసినా అంటుకోదు. ప్రపంచంలో అరశాతం నుంచి రెండు శాతం మందికి ఉంటుందని అంచనా, అంటే మీ కాలేజీలోనో మీ ఆఫీసులోనో మీరొక్కరే అయ్యే అవకాశం తక్కువ, మిగతావాళ్లు దాచుకుని ఉండొచ్చు. ఇరవై ఏళ్లు నిండకముందే మొదలయ్యేది సగం మందికి, అందుకే చదువు, స్నేహాలు, పెళ్లి మాటలు అన్నీ సరిగ్గా దీని మధ్యలోనే జరుగుతాయి.

తెల్లగా కనపడే ప్రతిదీ బొల్లి కాదు. శోభి మచ్చలు ఉంటాయి, చిన్నపిల్లల బుగ్గల మీద వచ్చిపోయే పాలిపోయిన మచ్చలు ఉంటాయి, స్పర్శ తెలియని మచ్చ అయితే కుష్టు అనుమానం కూడా ఉంటుంది. బొల్లి మచ్చలో స్పర్శ మామూలుగానే తెలుస్తుంది. కుష్టు పూర్తిగా వేరే జబ్బు, క్రిమి వల్ల వస్తుంది, దానికీ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా మందులిచ్చి నయం చేస్తారు, కాబట్టి "మాది కుష్టు కాదు" అని చెప్పేటప్పుడు ఆ జబ్బు ఉన్నవాళ్లని కించపరిచేలా చెప్పొద్దని నా మనవి. వాళ్లు పడినదాంట్లో కొంత మనమూ పడుతున్నాం.

ఇంకోటి, ఆడవాళ్లు ముఖ్యంగా గమనించాలి. నుదుట సరిగ్గా బొట్టు పెట్టుకునే చోటే గుండ్రంగా తెల్లబడితే అది స్టిక్కర్ జిగురు వల్ల అయ్యుండొచ్చు. కొన్ని స్టిక్కర్ల జిగురులో వాడే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం రంగు కణాలను చంపుతుంది. రబ్బరు చెప్పుల పట్టీల కింద, జుట్టుకి రంగేసిన అంచుల్లో కూడా ఇలాగే వస్తుంటుంది. వెంటనే ఆ వస్తువు మానేసి చర్మ డాక్టరుకి చూపించండి, ఏది వాడుతున్నారో చెప్పండి. బొల్లి అని తేలితే థైరాయిడ్ పరీక్ష గురించి కూడా అడగండి, ఈ రెండూ ఒకే మనిషిలో కనపడటం మామూలే, పైగా థైరాయిడ్ తేడా ఉంటే నీరసం, దిగులు దానివల్ల కూడా వస్తాయి.

చేపలు తిని పాలు తాగితే వస్తుందనేది మన ఇళ్లలో అన్నిటికన్నా గట్టిగా వినపడే మాట. దానికి ఆధారమేమీ లేదు. పులుపు మానేయమని, వంకాయ మానేయమని, ఉప్పు తగ్గించమని చెప్తూ పోతారు, చివరికి కంచంలో చప్పటి పప్పన్నం మిగులుతుంది. తిండి మీద ఈ ఆంక్షలు మచ్చను ఏమీ చెయ్యవు గానీ మనిషికి ప్రతి పూటా "నేను రోగిని" అని గుర్తుచేస్తాయి. మానేయండి వాటిని.

జవాబు ముందే తయారుగా పెట్టుకోండి

అడిగినప్పుడు చూద్దాంలే అనుకుంటే ఆ క్షణంలో నోరు రాదు, ముఖం ఎర్రబడుతుంది, ఇంటికొచ్చాక "ఇలా అనుంటే బాగుండేది" అని రాత్రంతా తిరగేసుకుంటాం. కాబట్టి రెండు మూడు జవాబులు రాసుకుని, గదిలో ఒక్కరే ఉన్నప్పుడు బయటికి వినపడేలా పలికి చూడండి. నవ్వులాటగా అనిపిస్తుంది కానీ పనిచేస్తుంది, ఎందుకంటే నోటికి ఒకసారి అలవాటైన మాట కంగారులో కూడా వస్తుంది.

చిన్నపిల్లలు అడిగితే కోపం వద్దు, వాళ్లు నిజంగా తెలుసుకోవడానికే అడుగుతారు. "ఇక్కడ రంగు పోయింది నాన్నా, నొప్పేం లేదు, ముట్టుకున్నా నీకు రాదు" అంటే చాలు, ఇంకో నిమిషంలో వాళ్లు వేరే ఆటలో ఉంటారు. రైల్లో ఎదురుగా కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆయన అడిగితే "బొల్లండీ, డాక్టరుకి చూపిస్తున్నాను" అని ఆపేయండి. ఆ తర్వాత ఆయన మందులు చెప్పడం మొదలుపెడతాడు, అది ఖాయం. "సరేనండీ" అని కిటికీ వైపు తిరగొచ్చు, ఫోన్ తీయొచ్చు. ప్రతి ఒక్కరికీ మొత్తం కథ చెప్పాల్సిన అప్పు మీకు లేదు.

చుట్టాల సంగతి వేరు, వాళ్లు మళ్లీ మళ్లీ కలుస్తారు. మొదటిసారి మర్యాదగా పూర్తిగా చెప్పండి: "పిన్నీ, ఇది అంటుకునేది కాదు, మంచి డాక్టరే చూస్తున్నారు, ఏమన్నా మార్పు ఉంటే నేనే చెప్తాను." రెండోసారి కూడా నలుగురిలో ఎత్తితే "పిన్నీ, దీని గురించి ఇక్కడొద్దు, నాకు ఇబ్బందిగా ఉంది" అని అదే గొంతుతో, అరవకుండా చెప్పండి. పెద్దవాళ్లతో అలా అనకూడదని మనకి చిన్నప్పట్నుంచి నేర్పారు, నిజమే. కానీ ఇబ్బందిగా ఉందని చెప్పడం ఎదిరించడం కాదు. మీకు చెప్పడం కష్టమైతే అన్నయ్యో వదినో ఎవరో ఒకరికి ముందే చెప్పి పెట్టండి, మాట వచ్చినప్పుడు మళ్లించేస్తారు.

ఆఫీసులో పెద్ద ప్రకటనలు అక్కర్లేదు. రోజూ కలిసి భోంచేసే ఇద్దరు ముగ్గురికి మామూలు మాటల్లో చెప్పేస్తే అక్కణ్నుంచి విషయం దానంతటదే సరైన రూపంలో పాకుతుంది, లేకపోతే ఎవరికి వాళ్లు ఊహించుకుంటారు. ఇంటర్వ్యూలో మాత్రం మీరుగా ఎత్తాల్సిన పని లేదు.

సలహాల వరద

ఫలానా ఊళ్లో ఆకు పసరు ఇస్తారట, వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది, మా తోడికోడలి తమ్ముడికి పూర్తిగా పోయిందట. ఇవన్నీ ప్రేమతోనే వస్తాయి, దాన్ని కాదనను. అందులో బావంచాల గురించి మాత్రం జాగ్రత్త. ఆ గింజల్లో సోరలెన్ అనే పదార్థం నిజంగానే ఉంటుంది, దాన్ని ఎండతోనో ప్రత్యేక దీపాలతోనో కలిపి వాడే వైద్యం కూడా ఉంది, అయితే కొలత లేకుండా నూనె రాసుకుని ఎండలో కూర్చుంటే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. బొల్లి ఉన్న కొందరిలో గాయమైన చోట కొత్త మచ్చ వచ్చే గుణం ఉంటుంది కాబట్టి అది రెండింతల నష్టం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములూ అంతే, డాక్టరు చెప్పినన్నాళ్లే వాడాలి, ఏళ్ల తరబడి రాస్తే చర్మం పల్చబడిపోతుంది. లేబుల్ లేని పొట్లాల పొడులు లోపలికి అస్సలు తీసుకోవద్దు.

దేవుడి విషయంలో నేను ఎవర్నీ ఆపను. అరసవల్లి సూర్యనారాయణమూర్తి దగ్గరికి చర్మం బాగుపడాలని మొక్కుకుని వచ్చేవాళ్లు ఎంతమందో, మనసుకి ఊరట దొరికితే తప్పకుండా వెళ్లండి. ఒప్పుకోకూడనిది మాత్రం "పూర్వజన్మ పాపం", "సర్పదోషం" అనే మాటల్ని. మొక్కు మనకి బలమిస్తుంది, పాపం అనే మాట ఆ బలాన్ని లాగేసుకుంటుంది. ఎవరైనా అలా అంటే అక్కడే "అలా అనకండి" అని చెప్పే మనిషి ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.

అమ్మ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా ఇళ్లలో బిడ్డకన్నా అమ్మ ఎక్కువ కుంగిపోతుంది, కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నానో, ఏ గ్రహణంలో బయటికెళ్లానో అని తనమీదే వేసుకుంటుంది. ఆవిడ అడిగే వంద ప్రశ్నల వెనక అదే ఉంటుంది. ఒకసారి డాక్టరు దగ్గరికి అమ్మని కూడా తీసుకెళ్లి, "ఇందులో మా అమ్మ చేసిన తప్పేమన్నా ఉందా డాక్టర్ గారూ" అని ఆవిడ ముందే అడగండి. డాక్టరు నోటి నుంచి "లేదమ్మా" అని వింటే వచ్చే మార్పు మనం ఎన్నిసార్లు చెప్పినా రాదు.

దాచుకోవడం, దాచుకోకపోవడం

మే నెల ఎండలో ఫుల్ చేతుల చొక్కా, మెడ వరకూ చున్నీ, ఫొటోల్లో వెనక వరుస. ఇవన్నీ మనకి తెలిసినవే. దాచుకోవడం తప్పని నేను అనను, కన్సీలర్ గానీ, నీళ్లకి పోని కవరింగ్ క్రీమ్ గానీ వేసుకుంటే ఇంటర్వ్యూ రోజు ధైర్యంగా ఉంటుందంటే వేసుకోండి. ఒక్కటే చూసుకోండి: అది వేసుకుని మీరు బయటికి వెళ్తున్నారా, లేక అది వేసుకునే ఓపిక లేక బయటికి వెళ్లడమే మానేస్తున్నారా? రెండోదైతే దాన్ని మెల్లగా తగ్గించుకోవాలి. తేలికైన చోట మొదలుపెట్టండి, మీకు తెలిసిన కూరగాయల ఆవిడ దగ్గరికి పొట్టి చేతుల జాకెట్టుతో వెళ్లి రండి, తర్వాత మార్కెట్, తర్వాత స్నేహితురాలి ఇంట్లో పుట్టినరోజు. మొదట రెండుమూడుసార్లు గుండె దడదడలాడుతుంది. ఆ దడ పూర్తిగా పోయేదాకా ఆగితే ఎప్పటికీ వెళ్లం, అది ఉండగానే వెళ్లి రావాలి, ప్రతిసారీ కొంచెం తగ్గుతుంది. ఎండకి మాత్రం కప్పుకోవడమో సన్‌స్క్రీన్ రాసుకోవడమో చెయ్యండి, రంగు లేని చర్మం త్వరగా కాలుతుంది.

తెలుగు సినిమాల్లోనూ నటించిన మమతా మోహన్‌దాస్ 2023 జనవరిలో తనకి ఈ జబ్బు ఉందని ఇన్‌స్టాగ్రామ్‌లో బయటపెట్టారు. ముఖమే పెట్టుబడి అయిన ఉద్యోగంలో ఉండి ఆ మాట చెప్పడం చిన్న విషయం కాదు. మీ ఇంట్లో పదిహేనేళ్ల పిల్ల ఉంటే ఆ సంగతి చెప్పండి.

బడికెళ్లే పిల్లలకి

టీచరుని ముందే కలవండి, బడి తెరిచిన మొదటి వారంలోనే. అంటుకోదని డాక్టరు రాసిచ్చిన చీటీ ఒకటి పట్టుకెళ్తే మంచిది. బెంచీ మార్చొద్దని, ఎవరన్నా వెక్కిరింపు పేరుతో పిలిస్తే అక్కడే ఆపమని, క్లాసుకి చెప్పాలనుకుంటే బిడ్డని ముందు నిలబెట్టి చూపిస్తూ చెప్పొద్దని స్పష్టంగా అడగండి. ఇంట్లో మీరు చెయ్యకూడని పని ఒకటుంది, రోజూ స్నానం చేయించేటప్పుడు మచ్చలు వెతకడం. మీరు నిట్టూర్చిన ప్రతిసారీ వాడు తన ఒంట్లో ఏదో చెడిపోయిందని నేర్చుకుంటాడు. నెలకోసారి ఒకే వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి, డాక్టరుకీ అదే పనికొస్తుంది, మీకూ రోజూ చూసుకునే బాధ తప్పుతుంది. పెద్దవాళ్లూ ఇదే చేయొచ్చు.

పెళ్లి సంబంధాలు

అసలు కష్టమంతా ఇక్కడే. బొల్లి ఉన్న ఆడపిల్ల అంటే "ఇక సంబంధాలు రావు" అని ఇంట్లోనే ముందు తీర్పు చెప్పేస్తారు. ఆ భయంతో కొందరు దాచిపెట్టి చేసేస్తారు. చీర కప్పి, మేకప్ వేసి, ఫొటో దిద్ది. దాని ఫలితం పెళ్లైన తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే అనుభవిస్తుంది, అది చాలా అన్యాయం. చట్టం వైపు నుంచి చూసినా, ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని హిందూ వివాహ చట్టం 1955లోని 12వ సెక్షన్ కింద పెళ్లి రద్దు చేయమని కోర్టుకెళ్లే వీలుంది. కోర్టు ఏమంటుందనేది కేసుని బట్టి ఉంటుంది గానీ, ఆ మెట్లు ఎక్కాల్సిరావడమే నరకం.

కాబట్టి ముందే చెప్పండి. పెళ్లిచూపులకి కూడా ముందు, జాతకాలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు. మధ్యవర్తి చెప్తాడులే అని వదిలేయొద్దు, ఆయన "చిన్న మచ్చండీ" అని తేల్చేస్తాడు, అసలు చెప్పకపోనూ వచ్చు. పెద్దవాళ్లే ఫోన్ చేసి చెప్పాలి: "వదినగారూ, ముందే ఒక మాట. అమ్మాయికి చేతుల మీద, కాళ్ల మీద బొల్లి మచ్చలున్నాయి. అంటుకునేది కాదు, డాక్టరు చూస్తున్నారు. అబ్బాయికి కూడా చెప్పండి, తనకి ఇష్టమైతేనే రండి." అబ్బాయికి కూడా చెప్పండి అనేది మర్చిపోవద్దు, ఎందుకంటే ఇంట్లో పెద్దలు విని అతనికి చెప్పకుండా తీసుకొచ్చే సందర్భాలుంటాయి. విదేశీ సంబంధమై వీడియో కాల్‌లో మాట్లాడుకుంటుంటే ఆ వెలుతురులో ఏమీ కనపడదు, నోటితోనే చెప్పాలి. బట్టల కింద ఉన్న మచ్చల సంగతి అమ్మాయీ అబ్బాయీ విడిగా మాట్లాడుకునేటప్పుడు వాళ్లిద్దరే చెప్పుకోవడం మేలు.

ఇలా చెప్తే కొన్ని సంబంధాలు వెనక్కి పోతాయి. పోతాయి, అబద్ధం చెప్పను, ప్రతిసారీ బాధేస్తుంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ "నీ వల్లే" అనకుండా చూసుకోవాలి, పైగా అమ్మాయికి కాదన్నారనే కబురు కూడా మర్యాదగా చెప్పాలి.

పిల్లలకి వస్తుందా అని తప్పకుండా అడుగుతారు. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం సుమారు ఆరు శాతం అని చెప్తారు, అంటే నూటికి తొంభైమందికి పైగా రాదు. ఒకే పోలిక కవలల్లో కూడా ఒకరికి వస్తే రెండో వాళ్లకి వచ్చేది నాలుగింట ఒక వంతు లోపే, జన్యువులొక్కటే కారణమైతే ఇద్దరికీ రావాలి కదా. ఈ లెక్క నోటికి వచ్చేలా పెట్టుకోండి.

మరో విషయం మనసులో మండుతూ ఉంటుంది నాకు. చెల్లెలి పెళ్లిచూపులప్పుడు బొల్లి ఉన్న అక్కని లోపలి గదిలో ఉండమనడం. దయచేసి ఏ ఇంట్లోనూ ఈ పని చెయ్యొద్దు. ఆ గంటసేపు గదిలో కూర్చున్న మనిషికి ఆ తర్వాత మీరెన్ని మందులిప్పించినా ఆ గాయం మానదు. అక్కని అందరితో పాటు కూర్చోబెట్టి "మా పెద్దమ్మాయి" అని పరిచయం చెయ్యండి, వచ్చినవాళ్లు ఎలాంటివాళ్లో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

వైద్యం నడుస్తున్నప్పుడు మనసు

లైట్ వైద్యం అంటే మచ్చల మీద ప్రత్యేక దీపాల అతినీలలోహిత కాంతి పడేలా చెయ్యడం, సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి. చిన్న ఊళ్ల నుంచి టౌనుకి అన్నిసార్లు వెళ్లడమంటే సెలవులు, బస్సు ఛార్జీలు, ఇంట్లో సణుగుడు. మొదలుపెట్టే ముందే డాక్టరుని మూడు అడగండి: ఎన్ని నెలలకి తేడా తెలియాలి, నా మచ్చల్లో ఏవి బాగా స్పందిస్తాయి, ఎప్పుడు ఆపాలి. ముఖం మీద మచ్చలకి సాధారణంగా బాగా పనిచేస్తుంది, వేళ్ల కొసలు, పెదాలు మొండికేస్తాయి. ఇది ముందే తెలిస్తే వేళ్లని చూసుకుని "నాకే పనిచెయ్యట్లేదు" అని ఏడవక్కర్లేదు. కొత్త మందులు వస్తూనే ఉన్నాయి, 2022లో రుక్సోలిటినిబ్ క్రీముకి అమెరికాలో బొల్లి కోసం అనుమతి వచ్చింది. అయినా వార్త చూసిన ప్రతిసారీ ఆశ పెంచుకుని కూలిపోవడం కన్నా ఆ వార్త డాక్టరుకి చూపించి "ఇది నాకు పనికొస్తుందా" అని అడగడం మంచిది. రంగు వచ్చిన చోట మళ్లీ పోవచ్చు కూడా, అది మీ తప్పు కాదు.

దిగులు దాటిపోతే

డాక్టర్లు చర్మజబ్బు జీవితాన్ని ఎంత కదిలిస్తోందో కొలవడానికి పది ప్రశ్నల పట్టిక ఒకటి వాడతారు, డీఎల్‌క్యూఐ అంటారు, 1994 నుంచి ఉంది, మార్కులు సున్నా నుంచి ముప్పై. పది దాటితే జీవితం మీద బాగా ప్రభావం ఉన్నట్టు లెక్క. మీ డాక్టరు మచ్చలు చూసి మందు రాసి పంపేస్తుంటే మీరే "రోజులు ఎలా గడుస్తున్నాయో కూడా అడగండి" అని ఈ పట్టిక గురించి చెప్పొచ్చు.

రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఇష్టమైన పని కూడా చెయ్యబుద్ధి కాకపోవడం, అద్దం ముందు గంటలు గడపడమో అద్దమే చూడకపోవడమో, ఎవరి ఫోనూ ఎత్తకపోవడం ఉంటే మానసిక వైద్యుణ్ని కలవండి. చనిపోవాలనిపిస్తే ఆ రోజే, ఆ గంటలోనే ఎవరో ఒకరికి చెప్పండి. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, నంబరు 14416, ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చర్మం సంగతి అక్కడెందుకు అని అనుకోవద్దు, మీ బాధ ఎక్కణ్నుంచి వచ్చినా వాళ్లు వింటారు.

పక్కనున్నవాళ్లకి

మీ స్నేహితుడికో వదినకో బొల్లి ఉంటే మామూలుగా ఉండండి, చెయ్యి కలపండి, పక్కన కూర్చోండి, ఒకే బాటిల్లో నీళ్లు తాగండి. కలిసిన ప్రతిసారీ "తగ్గిందా?" అనొద్దు, అది ప్రేమతో అడిగినా ముందు మచ్చే కనపడిందని చెప్పినట్టు ఉంటుంది. తనంతట తను చెప్పాలనుకున్నప్పుడు వినండి, వెంటనే మందు చెప్పకండి. లైట్ వైద్యానికి వెళ్లేటప్పుడు బండి మీద దింపుతానంటే, ఆ రోజు పిల్లల్ని చూసుకుంటానంటే అంతకన్నా పెద్ద సాయం లేదు. నలుగురిలో ఎవరైనా నోరు జారితే తను జవాబు చెప్పుకునేదాకా ఆగకండి, మాట మీరు అందుకోండి.